ఒక స్టేజీ ముందే దిగేవాళ్లు: బస్సు ఛార్జీల తొమ్మిది దశాబ్దాలు

నెల మొదటి వారంలో చాలా ఇళ్లలో ఒక చిత్తుకాగితం మీద లెక్క రాసుకుంటారు. ఇంటి అద్దె, బియ్యం, పాలు, కరెంటు, పిల్లల ఫీజు, చిట్టీ వాయిదా, మందులు. ఆ వరసలో ఎక్కడో ఒక చోట ‘బస్సు’ అని ఉంటుంది. కందిపప్పు ధర పెరిగితే పావుకిలో తగ్గించి కొంటారు, చారుతో సరిపెట్టుకుంటారు. కూరగాయలు ప్రియమైతే పచ్చడి మెతుకులతో పూట గడుపుతారు. బస్సు ఖర్చును మాత్రం అలా కుదించడానికి వీల్లేదు. పని పన్నెండు కిలోమీటర్ల అవతల ఉంటే పన్నెండు కిలోమీటర్లూ వెళ్లాల్సిందే, సాయంత్రం అంత దూరమూ తిరిగి రావాల్సిందే.

అయినా కుదించుకునేవాళ్లు ఉన్నారు. టికెట్టు ధర ఏ స్టేజీ దగ్గర మారుతుందో వాళ్లకు కంఠోపాఠం. ఆ స్టేజీ రాకముందే దిగిపోతారు. మిగిలిన దూరం, భుజానికి అన్నం సంచి తగిలించుకుని నడుస్తారు. మిగిలిన ఐదో పదో రూపాయలు పొద్దున పూట ఒక టీకి, సాయంత్రం పిల్లవాడి బిస్కెట్టు పొట్లానికి వస్తాయి. ఛార్జీలు పెంచిన ప్రతిసారీ ఇలా ముందే దిగేవాళ్లు కొత్తగా కొందరు తయారవుతారు. పెంపు వల్ల ఎన్ని కోట్లు వస్తాయో సంస్థ లెక్కల్లో ఉంటుంది. ఎంతమంది ఎంత దూరం నడిచారో ఏ లెక్కలోనూ ఉండదు. ఆ రెండో లెక్కను గుర్తుపెట్టుకుని, తెలుగునేలపై బస్సు ఛార్జీల చరిత్రను ఒకసారి వెనక్కి తిరిగి చూడాలి.

తొలి చక్రాలు

1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేలో ఒక విభాగంగా రోడ్డు రవాణా మొదలైంది. అప్పుడు ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ప్రజలకు బస్సు నడపడం రాజ్యం చేయదగిన పని అన్న ఆలోచన అప్పటికి కొత్తది. మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన ఆంధ్ర జిల్లాల్లో ప్రైవేటు యజమానుల బస్సులు నడిచేవి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు కరువై, వెనక బొగ్గు కొలిమి బిగించుకుని ఆ గ్యాసుతో నడిచిన బస్సుల గురించి పాతతరం వాళ్లు చెప్పేవారు.

ఆ రోజుల్లో బస్సు టికెట్టు ఇంటి పద్దులో రోజువారీ ఖర్చు కాదు. సంతకో, కోర్టు వాయిదాకో, పెద్దాసుపత్రికో, పెళ్లికో పోవలసి వచ్చినప్పుడు అయ్యే ఖర్చు. పొలం ఊరి పక్కనే, మగ్గం ఇంట్లోనే, కొలిమి వీధి చివరే. పనికి నడిచి పోయేవాళ్లే ఎక్కువ. తర్వాతి దశాబ్దాల్లో పని ఇంటికి దూరమవుతూ వచ్చింది. ఏడాదికి నాలుగుసార్లు కొనే టికెట్టు వారానికి ఒకటైంది, ఆపైన రోజుకు రెండైంది. ఛార్జీ పెంపు సామాన్యుడి ఇంటికి దెబ్బగా మారడానికి మూలం ఈ మార్పులోనే ఉంది. అప్పుడప్పుడూ కొనే వస్తువు ధర పెరిగితే మనిషి విసుక్కుంటాడు. రోజూ రెండుసార్లు కొనక తప్పనిది పెరిగితే, కూలి తగ్గించినట్టే.

ఒక్క పైసా కోసం

ఈ సంగతి దేశానికి మొదట గట్టిగా తెలియజెప్పిన నగరం కలకత్తా. 1953 జులైలో అక్కడి ట్రాముల్లో రెండో తరగతి టికెట్టు ఒక్క పైసా పెరిగింది. ట్రాములు నడిపే కంపెనీ లండన్ కేంద్రంగా పనిచేసేది. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు పైసలు ఉన్న కాలం అది. అంటే పెరిగినది రూపాయిలో అరవై నాలుగో వంతు. దేశ విభజనతో తూర్పు బెంగాల్ నుంచి అన్నీ వదులుకుని వచ్చిన కుటుంబాలతో నగరం అప్పటికే కిక్కిరిసి ఉంది. రెండో తరగతి ట్రాము ఎక్కేది గుమాస్తాలు, కార్మికులు, విద్యార్థులు. వాళ్లు పాత ఛార్జీయే ఇస్తామన్నారు. ట్రాములను బహిష్కరించారు. అరెస్టులు, లాఠీలు, కాల్పులు, కాలిన ట్రాములు. చివరికి బిధాన్ చంద్ర రాయ్ ప్రభుత్వం దిగివచ్చింది, పెంపు ఆగింది.

పైసా కోసం ఇంత రభసా అని అప్పుడు పెదవి విరిచినవాళ్లు ఉండే ఉంటారు. అరవై ఏళ్ల తర్వాత, 2013లో బ్రెజిల్‌లోని సావో పాలోలో బస్సు, మెట్రో టికెట్టు 3 రియాళ్ల నుంచి 3.20 రియాళ్లకు పెరిగినప్పుడు దేశమంతా వీధుల్లోకి వచ్చింది. 2019 అక్టోబరులో చిలీ రాజధాని శాంటియాగోలో మెట్రో టికెట్టు 30 పెసోలు పెరిగితే, విద్యార్థులు గేట్ల మీంచి దూకడంతో మొదలైన నిరసన ఆ దేశం కొత్త రాజ్యాంగం గురించి ఆలోచించేదాకా వెళ్లింది. మూడు చోట్లా పెరిగినది చిల్లరే. అద్దె, తిండి, చదువు అప్పటికే మెడదాకా వచ్చిన ఇంటికి ఆ చిల్లరతో నీళ్లు తలమీదికి వచ్చాయి.

ఎర్రబస్సు ఊరికి వచ్చిన రోజులు

1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. ప్రైవేటు చేతుల్లో ఉన్న రూట్లు విడతలవారీగా జాతీయమయ్యాయి. దుమ్ము రేపుకుంటూ ఎర్రబస్సు ఊరి రచ్చబండ దగ్గర ఆగడం ఒక తరానికి పండగ. ఆ బస్సే కూరగాయల గంపను పట్నం మార్కెట్టుకు చేర్చింది, ఊళ్లో ఐదో తరగతితో ఆగిపోవలసిన పిల్లలను పెద్ద ఊళ్లో హైస్కూలుకు తీసుకుపోయింది. 1999లో ఆ సంస్థ 18,397 బస్సులతో ప్రపంచంలోకెల్లా పెద్ద బస్సు సంస్థగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

ఆ విస్తరణకు ఆధారం ఒక సాదా ధర్మం. జనం కిటకిటలాడే రూటులో మిగిలిన డబ్బు, పదిమంది కూడా ఎక్కని పల్లె రూటును నిలబెట్టేది. విద్యార్థులకు, వికలాంగులకు రాయితీ పాసులు ఆ ఏర్పాటులోవే. అయితే సంస్థ తన చేతిలో లేని రెండింటికి బందీ అయింది. ఒకటి డీజిల్ ధర, రెండోది ఛార్జీలపై నిర్ణయం. ఎన్నికలు దగ్గరపడితే ఛార్జీల జోలికి పోవడానికి ఏ ప్రభుత్వమూ ఇష్టపడదు. నష్టం పేరుకుపోతుంది. ఓట్లు పడ్డాక ఒక్కసారిగా పెంచుతారు. ఏటా అర్ధరూపాయి చొప్పున పెరిగితే సర్దుకోగల ఇంటిమీద ఐదేళ్ల బరువు ఒకే ఉదయం పడుతుంది.

డీజిల్ కథ ఇంకొకటి. 2013 జనవరిలో కేంద్రం టోకు కొనుగోలుదారులకు డీజిల్‌పై సబ్సిడీ ఎత్తేసింది. కారు యజమాని బంకులో చౌకగా పోయించుకుంటుంటే, వందమందిని మోసే బస్సు నడిపే సంస్థకు లీటరుకు అంతకన్నా ఎక్కువ ధర పడింది. ఆర్టీసీ బస్సులు డిపోలు వదిలి మామూలు పెట్రోలు బంకుల ముందు వరసకట్టిన వింత ఆనాడు చూశాం. 2014 అక్టోబరులో డీజిల్ ధర పూర్తిగా మార్కెట్టుకు వదిలేశారు. 2022లో టోకు ధర మళ్లీ చిల్లర ధరను మించిపోయింది, బస్సులు మళ్లీ బంకులకు వెళ్లాయి. ఆ ఏడాదే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ టికెట్టు మీద డీజిల్ సెస్సు వచ్చి చేరింది. సెస్సు అనగానే అది ఛార్జీ కాదేమో అనిపిస్తుంది. కండక్టరు చేతిలో పెట్టేటప్పుడు రెండూ ఒకే జేబులోంచి తీయాలి.

నగరం పెరిగింది, పని దూరమైంది

1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక హైదరాబాద్ పడమటికి పరుగెత్తింది. అద్దాల మేడల్లో కూర్చుని పనిచేసేవాళ్లకు కంపెనీ క్యాబ్‌లు వచ్చాయి. ఆ అద్దాలు తుడిచేవాళ్లు, గేటు దగ్గర నిలబడేవాళ్లు, క్యాంటీనులో గిన్నెలు కడిగేవాళ్లు మాత్రం బస్సుల్లో వచ్చారు. ఆఫీసుల చుట్టుపక్కల అద్దెలు పెరిగేకొద్దీ వాళ్లు ఇంకా దూరం జరిగారు. అద్దెలో మిగిలింది టికెట్టుకు పోయింది. ప్రభుత్వం పేదలకు ఇళ్లు కట్టించినా నగరం మధ్య స్థలం ఉండదు. అవుటర్ రింగురోడ్డు దగ్గర కొల్లూరులో 15,660 రెండు పడకగదుల ఇళ్లు కట్టారు. సొంత ఇంటి తాళం చేతికి రావడం చిన్న సంతోషం కాదు. కానీ అక్కడినుంచి పాత పనిచోటుకు రోజూ ఎంత ఖర్చవుతుందన్నది ఆ ఇంటి విలువలో భాగమే.

2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు బీదవాడికి చవకైన ఊరట. అయితే రైలు పట్టాలున్న చోటికే వెళ్తుంది, తన వేళకే వస్తుంది. రైలుకూ ఇంటికీ మధ్య ఖాళీని షేర్ ఆటోలు పూరించాయి. ఈ లెక్క కూడా అధికారిక ప్రకటనల్లో కనబడదు. ఇంటినుంచి అడ్డాదాకా షేర్ ఆటో, అక్కడినుంచి బస్సు, దిగాక మళ్లీ ఆటో. బస్సు ఛార్జీ పెరిగిందన్న వార్త మూడు ముక్కల్లో ఒక ముక్కను మాత్రమే చెబుతుంది. డీజిల్, గ్యాసు ధర పెరిగినప్పుడు మిగతా రెండు ముక్కలు ఏ ఉత్తర్వూ లేకుండానే పెరుగుతాయి.

2019: ఇరవై పైసలు

2019 అక్టోబరు 5న తెలంగాణలో దాదాపు 48 వేలమంది ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది ప్రధాన డిమాండు. యాభై రోజులకు పైగా సాగిన ఆ సమ్మెలో కార్మికుల ఇళ్లలో జీతాలు లేవు, పండగలు లేవు, కొన్ని ఇళ్లు మనుషులనే పోగొట్టుకున్నాయి. సమ్మె ముగిశాక డిసెంబరులో ఛార్జీలు కిలోమీటరుకు 20 పైసలు పెరిగాయి. అదే నెలలో ఆంధ్రప్రదేశ్‌లోనూ పల్లెవెలుగు బస్సుల్లో కిలోమీటరుకు 10 పైసలు, ఎక్స్‌ప్రెస్ లాంటివాటిలో 20 పైసలు పెంచారు.

తెలంగాణ పెంపు అందరికీ ఒకటే, ఇరవై పైసలు. వినడానికి సమానంగా ఉంది. పల్లెవెలుగు ఛార్జీ కిలోమీటరుకు 63 పైసల నుంచి 83 పైసలైంది. అంటే దాదాపు 32 శాతం. ఏసీలో నడిచే గరుడ ప్లస్‌లో 182 పైసల నుంచి 202 పైసలైంది. అంటే 11 శాతం. అవే ఇరవై పైసలు పల్లె మనిషి మీద దాదాపు మూడింతల బరువుతో పడ్డాయి. కనీస ఛార్జీ పెంపు కూడా ఇలాంటిదే. నాలుగు వీధులు దాటడానికి బస్సెక్కే ముసలివాళ్లు, మోకాళ్లనొప్పులవాళ్లు, రెండు బస్సులు మారి పనికి పోయేవాళ్లు కనీస ఛార్జీనే మళ్లీమళ్లీ కడతారు. చిల్లర సమస్య తీర్చడానికి టికెట్టును ఐదుకో పదికో సరిచేసినప్పుడల్లా వాళ్ల జేబులోంచే ఎక్కువ జారుతుంది.

హైదరాబాద్ సిటీ ఆర్డినరీ నెల పాసు చరిత్ర చూస్తే ఈ ఆరేళ్ల కథంతా నాలుగు అంకెల్లో కనబడుతుంది. 2019 డిసెంబరుకు ముందు 770 రూపాయలు. ఆ నెలలో 950. 2022లో 1,150. 2025 జూన్‌లో 1,400. ఆరేళ్లు నిండకముందే ఎనభై శాతానికి పైగా పెరిగింది. నెలకు 15 వేలు తెచ్చుకునే కాపలాదారును తీసుకుందాం. జీతంలో దాదాపు పదకొండో వంతు, పనికి వెళ్లి రావడానికే కట్టాలి. ఆ పన్నెండు గంటల కొలువులో రోజుకు ఒక గంటకు పైగా జీతం బస్సుకే.

అతను నయం, పాసు కొనగలడు. అడ్డా మీద నిలబడే కూలీకి ఒకేసారి 1,400 తీసి కౌంటరులో పెట్టే స్తోమత ఉండదు. పని దొరికిన రోజు దొరికినట్టు, దొరకని రోజు లేనట్టు. అందుకని ప్రతిరోజూ విడి టికెట్టు కొంటాడు. టోకున కొంటే చవక, చిల్లరగా కొంటే ప్రియం అన్న అంగడి సూత్రం ఇక్కడా వర్తిస్తుంది. నూనె పొట్లంగా కొనే ఇల్లే ప్రయాణాన్నీ పొట్లంగా కొంటుంది. 2025 అక్టోబరు 6న హైదరాబాద్ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు పెంచారు. ఎలక్ట్రిక్ బస్సులకు కావలసిన ఏర్పాట్ల కోసమని సంస్థ చెప్పింది. నగరానికి పొగ తగ్గడం మేలే. కానీ రానూపోనూ రోజుకు 20 రూపాయలు, నెలకు 26 పనిదినాలకు 520 రూపాయలు, నాలుగో స్టేజీకో ఆపైకో వెళ్లే విడి టికెట్టువాడు అదనంగా కట్టాలి. గాలి శుభ్రపడటానికి అయ్యే ఖర్చులో ముందుగా చెల్లించేది కార్లలో పోయేవాళ్లు కాదు, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడు.

పైన పరుగెత్తే రైలు

2017 నవంబరు 28న హైదరాబాద్ మెట్రో ప్రారంభమైంది. కనీస టికెట్టు 10 రూపాయలు, గరిష్ఠం 60. చెమటలు కక్కే ప్రయాణాల్లో నలిగిన నగరానికి అది గొప్ప ఉపశమనం. ఏడున్నరేళ్ల తర్వాత, 2025 మే 17న ఆ ధరలు 12 నుంచి 75 రూపాయలకు పెరిగాయి. నిరసన వచ్చింది. వారంలో పది శాతం తగ్గించి 11 నుంచి 69గా చేశారు. ఆ తగ్గింపు తర్వాత కూడా చివరిదాకా వెళ్లివచ్చే ఉద్యోగికి రోజుకు 18 రూపాయలు, 26 రోజులకు 468 రూపాయలు పెరిగినట్టే. అదే ఏడాది ఫిబ్రవరిలో, తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో బతుకుతున్న బెంగళూరులో మెట్రో గరిష్ఠ ఛార్జీ 90 రూపాయలకు చేరింది.

ఛార్జీ పెరిగినప్పుడు జనం ఏం చేస్తారో ఢిల్లీ ముందే చూపించింది. 2017లో అక్కడ మే, అక్టోబరు నెలల్లో రెండుసార్లు పెంచి, గరిష్ఠ టికెట్టును 30 నుంచి 60కి చేర్చారు. రెండో పెంపు తర్వాత రోజుకు దాదాపు మూడు లక్షల ప్రయాణాలు తగ్గాయి. ఆ జనంలో కొందరు స్కూటరు మీదికి మారి ఉంటారు. పెట్రోలు పోసుకుంటే ఇద్దరు పోవచ్చు గదా అన్నది తెలిసిన లెక్కే. కానీ ఒకసారి వాయిదాల మీద బండి కొన్నాక మనిషి మళ్లీ బస్సుకో రైలుకో రాడు. ప్రయాణికులు తగ్గితే నష్టం, నష్టమొస్తే మళ్లీ పెంపు. ముంబై 2019 జులైలో ఎదురు దారి పట్టింది. అక్కడి బెస్ట్ బస్సుల్లో కనీస ఛార్జీ 5 రూపాయలకు దించారు, జనం బస్సుల్లోకి తిరిగి వచ్చారు. 2025 మేలో అది మళ్లీ 10 రూపాయలైంది. ధర దించితే వచ్చే లోటును ఎవరు భరించాలో తేల్చకపోతే ఆ ఊరట ఎక్కువకాలం నిలవదు.

జీరో టికెట్టు

ఈ చరిత్రలో అతిపెద్ద మలుపు ధర పెరగడంతో రాలేదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో అదే వచ్చింది. కండక్టరు సున్నా టికెట్టు కొడతాడు, ఎందుకంటే ఆ డబ్బు ప్రభుత్వం సంస్థకు చెల్లించాలి. నాలుగిళ్లలో పాచిపని చేసే మనిషికి ఇది నెలకు వందల రూపాయల జీతం పెంపుతో సమానం. ఇంకా పెద్ద సంగతి, ఆమె పని వెతుక్కునే దూరం పెరిగింది. ఛార్జీకి భయపడి పక్కవీధిలో తక్కువకు ఒప్పుకున్న పనిని వదిలి, రెండు బస్సుల అవతల ఎక్కువ ఇచ్చే చోటికి వెళ్లగలుగుతుంది. పుట్టింటికి వెళ్లాలంటే మొగుణ్ణి చేయిచాచి అడగనక్కర్లేదు.

దీనికి మరో వైపు కూడా ఉంది. బస్సుల్లో రద్దీ పెరిగింది, బస్సులు ఆ లెక్కన పెరగలేదు. అదే ఇంట్లో భార్య టికెట్టు సున్నా అయితే, భర్త టికెట్టు, కొడుకు పాసు పెరిగాయి. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకున్నట్టు ఇంటి పద్దులో కనబడుతోంది. అయినా జీరో టికెట్టు ఒక సత్యాన్ని బయటపెట్టింది. బస్సు ఛార్జీ వానలా పైనుంచి పడేది కాదు, మనుషులు కూర్చుని తీసుకునే నిర్ణయం. డీజిల్ మీద వ్యాటు వేసేదీ, బస్సు మీద మోటారు వాహన పన్ను వసూలు చేసేదీ, రాయితీల బకాయిలు ఆలస్యం చేసేదీ ప్రభుత్వమే. ఈ మూడూ కలిసి సంస్థకు చేసిన నష్టాన్ని ప్రయాణికుడు పూడ్చాలనడం న్యాయం కాదు.

వెనక్కి చూశాక

సంస్థ బతకాలి. డ్రైవరు, కండక్టరు జీతాలు పెరగాలి, పాత బస్సులు పోయి కొత్తవి రావాలి. ఛార్జీలు ఎప్పటికీ పెరగకూడదని ఏ ప్రయాణికుడూ అనడు. ఇంతకాలపు అనుభవం మాత్రం కొన్ని విషయాలు గట్టిగా చెబుతోంది. పెంచక తప్పనప్పుడు ఏటా కొద్దిగా, ముందుగా చెప్పి పెంచాలి. అందరికీ ఒకే పైసలు కలపకుండా, ఏసీ బస్సులో ఎక్కువ, పల్లెవెలుగులో తక్కువ పెంచాలి. నెల పాసు కొనలేని కూలీకి వారం పాసు ఉండాలి. అదీ కొనలేనివాడు ఒక రోజులో ఎన్ని బస్సులు మారినా అతని దగ్గర ఒక మొత్తం దాటి వసూలు చేయకూడదు. ఇళ్లు ఎక్కడ కడితే అక్కడికి మొదటి రోజు నుంచే బస్సు నడపాలి. కొత్త ఛార్జీని ప్రకటించే రోజు, సంస్థకు ఎంత వస్తుందో చెప్పినట్టే, పదిహేను వేల జీతగాడి ఇంట్లోంచి ఎంత పోతుందో కూడా ప్రకటించాలి.

ఎర్రబస్సు మన ఊళ్లకు ఇచ్చిన అసలు కానుక దూరాన్ని దగ్గర చేయడం. దానివల్లే కూలివాడి కొడుకు కాలేజీ మెట్లెక్కాడు, ఊరి మనిషికి పట్నంలో పని దొరికింది. ఛార్జీ బతుకును మించి పెరిగినప్పుడల్లా ఆ కానుకలో కొంత వెనక్కి తీసుకున్నట్టే. రేపు పొద్దున కూడా ఆరు గంటల బస్సులో ఎవరో ఒక స్టేజీ ముందే దిగుతారు. తొందరగా నడుస్తారు, ఆలస్యమైతే సగం రోజు కూలి పోతుంది గనుక. ఇంటి దగ్గర చిత్తుకాగితం మీద ‘బస్సు’ అన్న మాట పక్కన పది రూపాయలు తగ్గుతాయి. ఆ పది రూపాయలకు బదులు అతను చెల్లించిన నడకను కూడా లెక్కలోకి తీసుకున్న రోజే ఛార్జీ నిర్ణయం న్యాయమైనదవుతుంది.